లాగ్ ఫైల్ ఎందుకు తగ్గడం లేదంటే

రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్ తీస్తున్నా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగ్ ఫైల్ (డేటాబేస్‌లో జరిగే మార్పులు నమోదయ్యే ఫైల్) పెరిగి డిస్క్ నిండిపోతోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి. ఫుల్ బ్యాకప్ లాగ్‌ను ఖాళీ చేయదు. కొత్తలో నేనూ చేస్తుందనే అనుకున్నాను. ఫుల్ రికవరీ మోడల్‌లో, అంటే బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను దాచి ఉంచే సెట్టింగ్‌లో, లాగ్ బ్యాకప్ విడిగా తీయాలి. ముందు సిస్.డేటాబేసెస్ (sys.databases) అనే సిస్టమ్ వ్యూలో, లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో చెప్పే లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ (log_reuse_wait_desc) కాలమ్ చూడండి. ‘లాగ్_బ్యాకప్’ అని ఉంటే కారణం ఇదే. ‘యాక్టివ్_ట్రాన్సాక్షన్’ అని ఉంటే మాత్రం, ఎవరో మొదలుపెట్టి ముగించకుండా వదిలేసిన ట్రాన్సాక్షన్‌ను (ఒకే పనిగా నడిచే మార్పుల గుంపును) వెతకాలి.

లాగ్ బ్యాకప్‌ను 15 నిమిషాలకోసారి దానంతట అదే నడిచే జాబ్‌గా పెట్టండి. ఎంతసేపటి డేటా పోయినా ఫర్వాలేదో మీ టీమ్‌ను అడిగి ఆ వ్యవధి మార్చుకోవచ్చు. తర్వాత లాగ్ ఫైల్‌ను ఒక్కసారి ష్రింక్ చేస్తే (సైజు తగ్గిస్తే) చాలు, దాన్ని రోజూ చేయొద్దు. లాగ్ ఫైల్‌ను డిలీట్ చేయమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి, డేటాబేస్ మళ్లీ తెరుచుకోకపోవచ్చు.