మనసు బాగోలేనప్పుడు చేత్తో బొంత కుడితే ఊరట దొరుకుతుందా? ఎప్పుడూ సూది పట్టనివాళ్లు దేంతో మొదలుపెట్టాలి?

దొరుకుతుంది. కాకపోతే రెండో ప్రశ్నకి జవాబు కుదిరితేనే మొదటిదానికి అవునని చెప్పగలం. ఎంచుకున్న పని బెడిసికొడితే సూది పట్టుకోవడం మరో చిరాకు అవుతుంది.

ముందుగా, మంచానికి సరిపడే బొంత జోలికి పోకండి. ఒడిలో పరుచుకునేంత, 36 అంగుళాల చదరం చాలు. దానికి ఆరున్నర అంగుళాల నూలు ముక్కలు 36 కావాలి. నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది కాబట్టి ఒక్కోటి చివరికి ఆరు అంగుళాలు తేలుతుంది. వరసకి ఆరు, అలాంటివి ఆరు వరసలు. రెండు ముక్కల్ని కలపడానికి వేసే కుట్టు ఆరున్నర అంగుళాలే. ఎంత నెమ్మదిగా వేసినా పదీ పదిహేను నిమిషాల పని. ఊరటంతా అక్కడే ఉంది. కష్టం వచ్చినప్పుడు ఏదీ ఓ పట్టాన తెమలదు. ఆస్పత్రి రిపోర్టు రాదు, అప్పు తీరదు, కోర్టులో వాయిదా మీద వాయిదా. అలాంటప్పుడు ఇప్పుడే మొదలై ఇప్పుడే అయిపోయే పని రోజుకి రెండు మూడుసార్లు చేతికి దొరకాలి. 'మెషీన్ మీదైతే ఒక్కరోజులో లేపేయొచ్చుగా' అనే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు. బొంతే కావాలంటే కొనుక్కోవచ్చు, దానికి మెషీన్ మాత్రం ఎందుకు?

కొత్తవాళ్లు మానేసేది ఎక్కువగా దారం దగ్గరే. మాటిమాటికీ ఎక్కించడానికి బద్ధకించి బారెడు తీస్తారు. సగం కాకముందే చిక్కుపడి కూర్చుంటుంది. మూరెడు, అంటే 45 సెంటీమీటర్లకి మించొద్దు. కుట్టుకుట్టుకీ వేళ్ల మధ్య సూది కాస్త తిరుగుతుంది, ఆ మెలి దారంలోకి ఎక్కుతుంది. చిక్కుకి కారణం అదే. నాలుగైదు కుట్లకోసారి గుడ్డ పైకెత్తి సూదిని వదిలేస్తే అదే గిర్రున తిరిగి మెలి విప్పుకుంటుంది. రీలు నుంచి ముందు వచ్చిన కొసని బెజ్జంలోకి ఎక్కించి, కత్తిరించిన కొసకి ముడి వేయండి. తేనెమైనం మీద ఒకసారి లాగితే ఇంకా మంచిది.

గుడ్డలన్నీ ముందే ఉతికి ఆరేయాలి. ముదురు ఎరుపు, నీలం విడిగా నానబెట్టి రంగు దిగుతోందేమో చూడాలి. కత్తిరించేటప్పుడు పోగు వెంబడే వెళ్లాలి. ఏటవాలుగా కోసిన ముక్క సాగిపోయి, పక్కదానితో ఎంత లాగినా కుదరదు. వెనకవైపు పావు అంగుళం లోపలికి పెన్సిల్ గీత గీసుకుని దాని మీదే పోవాలి. నాలుగైదు కుట్లకో వెనక్కుట్టు (సూదిని ఒక కుట్టంత వెనక్కి దించి మళ్లీ ముందుకు తీయడం) పడితే అతుకు ఊడదు. ఇస్త్రీ చేసినప్పుడు అతుకుని విప్పి పరచొద్దు, ఒకే పక్కకి వాల్చండి. మొదటి వరసలో కుడికి, రెండోదానిలో ఎడమకి. వరసలు కలిపేటప్పుడు మూలలు వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గీతలకి వేడికి మాయమయ్యే పెన్నులు వాడమంటున్నారు ఈమధ్య. చలి తగిలితే ఆ గీతలు మళ్లీ తేలతాయని మాత్రం ఎవరూ చెప్పరు.

కష్టకాలంలో ఈ పని ఎందుకు నిలబడుతుందో తెలియాలంటే రాజా అనే ఓడలో తయారైన బొంత చూడాలి. 1841లో ఇంగ్లండ్ నుంచి టాస్మానియాకి సుమారు 180 మంది మహిళా ఖైదీలని ఆ ఓడలో పంపించారు. జైళ్ల సంస్కరణ కోసం పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై మొదలుపెట్టిన సంఘంవాళ్లు వాళ్లకి ఇచ్చిన సంచిలో 100 సూదులు, దారాలు, కత్తెర, వేలి తొడుగు, రెండు పౌండ్ల గుడ్డ ముక్కలు ఉండేవి. రెండు పౌండ్లంటే కిలోకి కాస్త తక్కువ. మూడున్నర నెలల ప్రయాణం అయ్యేసరికి 2,815 ముక్కల బొంత తయారైంది. నడుమ తెల్లగుడ్డ మీద అచ్చు బట్టల్లోంచి కత్తిరించి అతికిన పిట్టలు, పూలు. చుట్టూ చిన్న చిన్న ముక్కల వరసలు. ఇప్పుడది కాన్‌బెరాలో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. అన్నట్టు దానికి దూదీ లేదు, లైనింగూ లేదు, పైపొర ఒక్కటే. మీకూ ఓపిక లేకపోతే పైపొర దగ్గరే ఆపేయండి, ఏం తప్పు?

ఓపిక ఉంటే కింది గుడ్డని నేల మీద బిగుతుగా పరిచి అంచులకి టేపు వేయండి. దాని మీద దూది పొర, ఆపైన మీరు కుట్టింది. కింది రెండూ అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. కచ్చాకుట్లు నడిమి నుంచి అంచులకి, బెత్తెడు దూరంలో. అంచుల నుంచి మొదలుపెడితే మిగులు గుడ్డంతా మధ్యలో పోగై ఉబ్బుతుంది. ఆ తర్వాత మూడు పొరలూ కలిపి కుట్టడానికి బిట్వీన్స్ అనే పొట్టి సూదులు, 8 లేదా 9 నంబరు. నంబరు పెరిగేకొద్దీ సూది చిన్నది. ముడిని పైగుడ్డ మీద ఉంచకుండా చిన్నగా గుంజితే టప్‌మని దూదిలోకి దిగుతుంది. కుట్టు చిన్నగా పడటం లేదని దిగులొద్దు, అంగుళానికి ఐదైనా సమానంగా ఉంటే చాలు.

ఇంకో మాట. పోయినవాళ్ల బట్టలతో బొంత కుట్టాలని చాలామంది ఇందులోకి దిగుతారు. మొదటి బొంతకే వాటి మీద కత్తెర పెట్టకండి. ఒకసారి కోస్తే వెనక్కి రాదు, చేయి కుదరని రోజుల్లో పోయే ముక్క అదే అయితే తట్టుకోలేరు. ఉతికితే వాసన పోతుందనిపించే చొక్కాని అసలు బొంతలో కలపొద్దు, విడిగా దాచుకోండి. టీషర్టులైతే అల్లిక బట్ట, కోయగానే అంచులు చుట్టుకుంటాయి. ముందుగా బట్టకి వెనకవైపు ఇస్త్రీతో అతుక్కునే పలచటి కాన్వాసు వేసి, ఆ తర్వాతే కత్తిరించాలి. ఇస్త్రీపెట్టె రుద్దకుండా ఒక్కోచోట అదిమి ఎత్తుతూ పోవాలి, రుద్దితే బట్ట సాగి బొమ్మ వంకరపోతుంది.