గోపాలపూర్ సముద్రం నీళ్లు అక్వేరియంలో పోయొచ్చా? నెల చూసుకుని పోయండి

ఒడిశాలో మన బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లే, సముద్రం అంత దగ్గర్లో ఉంటే నీళ్లలో కలపడానికి అక్వేరియం ఉప్పు ప్యాకెట్లు కొనడం ఎందుకు, రెండు క్లౌన్ చేపలున్న 200 లీటర్ల ట్యాంకులో ఆ నీళ్లే పోస్తే ఏమవుతుంది అని కదా మీరు అడిగింది. పోయొచ్చు. నేనూ బరంపురంలోనే ఉంటాను. కొన్నేళ్లుగా ఏడాదిలో సగం కాలం సముద్రం నీళ్లే వాడుతున్నాను, మిగతా సగం ప్యాకెట్ ఉప్పే. ఎందుకలా సగం సగం అంటే, అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఈ ట్యాంకులకు కావలసిన ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల చుట్టూ. వట్టి క్లౌన్ చేపలైతే 32, 33 ఉన్నా బెంగలేదు. కానీ బంగాళాఖాతం పైభాగంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది వచ్చి పడతాయి. వరద నీరు తేలిక కాబట్టి సముద్రం పైపొరగా తేలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం దక్షిణంగా సాగుతూ ఆ చప్పటి నీటిని మన ముందు నుంచే తీసుకెళ్తుంది. ఫిబ్రవరికల్లా అది ఉత్తరానికి మళ్లుతుంది, దక్షిణం వైపు ఉప్పటి నీరు పైకొస్తుంది. ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటరులో మార్చి, ఏప్రిల్ నీళ్లు 33–34 చూపిస్తాయి. దసరా వెళ్లాక అదే చోట పట్టిన నీళ్లు 25కి దిగిపోయిన ఏడాదీ ఉంది. కార్తీక పున్నమికి గోపాలపూర్‌లో మునిగితే పుణ్యమే, క్యాన్ నింపుకుంటే మాత్రం దండగ.

నీళ్లు పట్టేది ఒడ్డున కాదు. కెరటాలు విరిగేచోట ఇసుక, నురగ, జనం వదిలిన చెత్త అన్నీ కలిసి ఉంటాయి. వేటకెళ్లే బోటువాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది, మాట కలపడం తేలికే. కెరటాలు దాటాక, ఇంజను ఆపాక, పోటు ఎక్కుతున్నప్పుడు పట్టమనండి. నాకు తెచ్చిపెట్టే ఆయన మొదట్లో 'ఏటి బాబూ, ఉప్పునీళ్లకి కూడా డబ్బులిత్తారా' అని నవ్వాడు. ఇప్పుడు ఆయనే అక్టోబరులో నాలిక మీద చుక్క వేసుకుని 'నీరు సప్పబడిపోనాది, ఒగ్గేయండి' అంటాడు. మీటరు పెట్టి చూస్తే ఆయన మాటే నిజమవుతుంది. ఒక చిక్కు ఉంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. నీరు బాగుండే రోజుల్లో బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి. అందుకని నేను ఏప్రిల్ మొదటివారంలోనే డ్రమ్ములు నింపి పెట్టుకుంటాను. రుషికుల్య నది మొగ వైపు, బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం వైపు వెళ్లొద్దు. నది నీరు కలవడం ఒక్కటే కాదు, రుషికుల్య దగ్గర తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే ఆఖరు దాకా వేట మీద ఆంక్షలుంటాయి.

నీళ్లతోపాటు పనిలో పనిగా ఇసుక కూడా తెచ్చుకుందామని అనిపిస్తుంది, తేవద్దు. ఛత్రపురం నుంచి గోపాలపూర్ దాకా ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ ఖనిజాలున్నాయి, ఛత్రపురంలో ప్రభుత్వ ఖనిజాల సంస్థ ఐఆర్ఈ ఫ్యాక్టరీ పెట్టిందే వాటికోసం. క్యాన్ అడుగున చెంచాడు ఇసుక మిగిలిందనుకోండి, గాజు తుడిచే అయస్కాంతాన్ని దాని దగ్గరికి తీసుకెళ్లి చూడండి. నల్లటి రేణువులు లేచి మీసాల్లా నిలబడతాయి. అవి ఆ అయస్కాంతానికీ గాజుకూ మధ్య చిక్కుకుంటే గీతలు పడతాయి, పంపు మోటారులోకి వెళ్తే దాని అయస్కాంతాన్నే పట్టుకుని అరగదీస్తాయి. నీళ్లు తేరుకున్నాక పైనుంచి మాత్రమే వంచి, దట్టమైన ఫిల్టర్ గుడ్డలో వడగట్టండి.

ఇంటికి తెచ్చాక వెంటనే పోయొద్దు. అందులో కంటికి కనబడని జీవాలు కోట్లు. చీకట్లో పెడితే చచ్చి కుళ్లుతాయి, అమోనియా పుడుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. అది మీ ట్యాంకులో కాకుండా డ్రమ్ములో జరగాలి. మూత ఉన్న తిండి సరుకుల డ్రమ్ములో, వెలుగు తగలకుండా, గాలి పంపు ఆడిస్తూ రెండు మూడు వారాలు ఉంచండి. అమోనియా టెస్టు సున్నా చూపించాకే వాడండి. తొందరుంటే వాసన కలపని 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రవం) 100 లీటర్లకు 20 మిల్లీలీటర్లు వేసి, ఒక రాత్రి గాలి ఆడించి, 7 గ్రాముల సోడియం థయోసల్ఫేట్‌తో మిగిలిన క్లోరిన్‌ను విరిచేయొచ్చు. క్లోరిన్ టెస్టు చేయకుండా మాత్రం చేప దగ్గరికి తేకండి. చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే సూక్ష్మజీవి కూడా ఈ క్లోరిన్‌తో చాలావరకు పోతుంది. నాకైతే వారాల పద్ధతే నచ్చుతుంది, కొలతల గొడవ తక్కువ.

ఉప్పదనం తక్కువ వస్తే ఏం కలపాలి అన్నదానికి మన జిల్లాలో ఒక సలహా తరచూ వినిపిస్తుంది: హుమ్మా మళ్లలో పండే ఉప్పు ఉంది కదా, చవక. అది కూరకే. మళ్లలో నీరు ఎండేటప్పుడు కాల్షియం ముందే అడుగున దిగిపోతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది. మధ్యలో తీసిన గళ్లుప్పులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే. అక్వేరియం ఉప్పే కలపండి. 28 ఉన్న 100 లీటర్లను 34కి తేవడానికి 600 గ్రాములకు కాస్త పైన పడుతుంది. కలిపాక ఒకరోజు ఆడనిచ్చి మళ్లీ కొలవండి.

మొదట ట్యాంకు నీళ్లలో పదో వంతు మార్చి చూడండి, అంటే మీకు 20 లీటర్లు, ఒక క్యాను. రోజూ ఆవిరై తగ్గే నీటికి బదులు ఆర్వో నీళ్లే పోయాలి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. ఇక బోటువాళ్లు వలలో చిక్కిన గట్టి పగడం ముక్కనో సముద్రపు గుర్రాన్నో ఇస్తామంటే తీసుకోకండి. 2001 నుంచి రెండూ వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది.