తొమ్మిది వేలు పదిహేను వేల కంటే ఎక్కువంట!

ప్రశ్న: అన్నా, నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటా, ఓ చిన్న కంపెనీలో పాత జేఎస్పీ (జావాతో నడిచే వెబ్) పేజీలు చూస్తుంటా. మాది అద్దె ఇళ్ల సైట్. సెర్చ్‌లో మినిమం రెంట్ 9000, మ్యాక్సిమం 15000 కొడితే "మినిమం ఎక్కువైంది" అని ఎర్రర్ చూపిస్తోంది, 10000, 15000 కొడితే మాత్రం ఏం అనట్లేదు. ఆ పేజీల్లో లెక్కలు, పోలికలు రాసే ఈఎల్ (ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్)లో > గుర్తు సరిగ్గా పనిచేయదా? రెండు రోజుల్నుంచి దీంతోనే ఉన్నా, కాస్త చెప్పండి.

జవాబు: తమ్ముడూ, గుర్తు బానే పనిచేస్తోంది, నువ్వు దానికి ఇచ్చినవే అంకెలు కావు. ఫామ్ నుంచి వచ్చే ప్రతి పారామీటరూ (యూజర్ కొట్టిన విలువ) స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే, రెండు వైపులా స్ట్రింగులే ఉంటే ఈఎల్ నిఘంటువులో మాటలు పేర్చినట్టు తేడా వచ్చిన మొదటి అక్షరం దగ్గరే తేల్చేస్తుంది, 9 అనేది 1 కంటే తర్వాత వస్తుంది కాబట్టి 9000 పెద్దదైపోయింది. రెండూ ఐదంకెలవైతే జవాబు కరెక్టుగానే వస్తుంది, అందుకే ఇలాంటివి టెస్టింగ్‌లో దొరక్కుండా నెలల తరబడి దాక్కుంటాయి.

ఒక వైపు నిజమైన నంబర్ ఉంటే కథ వేరు, అప్పుడు రెండో వైపున్న స్ట్రింగ్‌ని కూడా నంబర్‌గా మార్చి పోలుస్తుంది. కాబట్టి ఇవాళ్టికి గట్టెక్కాలంటే ఒక పారామీటర్‌కి + 0 కలుపు చాలు, జావాలో లాగా ఈఎల్‌లో + స్ట్రింగుల్ని అతికించదు, అంకెలుగా మార్చి కూడుతుంది. కానీ ఎవరైనా కామా పెట్టి 9,000 అని కొట్టారనుకో, నంబర్‌గా మారదు, పేజీ మొత్తం ఎక్సెప్షన్ (ఎర్రర్)తో పడిపోతుంది. ఖాళీగా వదిలేస్తే ఇంకో తంటా, ఖాళీ స్ట్రింగ్ సున్నా అవుతుంది కాబట్టి == 0 (సున్నాతో సమానమా) అంటే నిజమంటుంది, అదే అసలు ఆ పారామీటరే రాకపోతే అది నల్ (విలువే లేదని), అప్పుడు == 0 అబద్ధమంటుంది. ముందు ఈఎల్‌లోని ఎంప్టీ ఆపరేటర్‌తో ఖాళీనా కాదా అని చెక్ చేసుకో.

అద్దె ఇళ్ల సైట్ అన్నావు కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను దీని మీద ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. ఫ్లాట్ బ్లాక్ పేరుని జావాలో క్యారెక్టర్‌గా (ఒకే అక్షరం పట్టే రకంగా) పెట్టి పేజీలో == 'ఎ' అని పోల్చావనుకో (ఇంగ్లీష్ పెద్ద ఎ అక్షరమే), ఎర్రర్ వస్తుంది. ఈఎల్‌లో సింగిల్ కోట్స్‌లో ఉన్నదీ స్ట్రింగే, క్యారెక్టర్ ఒక వైపు కనిపిస్తే రెండిటినీ లాంగ్‌గా (పూర్ణాంకంగా) మార్చబోతుంది, జావా క్యారెక్టర్ తన కోడ్ నంబర్ 65 అవుతుంది గానీ స్ట్రింగ్‌లో ఉన్న ఎ ఏ అంకె అవుతుంది చెప్పు? 65తో పోలిస్తే పనవుతుంది కానీ దయచేసి అలా రాయకు, నీ తర్వాత వచ్చే పిల్లాడికి అదేంటో అర్థం కాదు, బీన్‌లో (పేజీకి డేటా అందించే జావా క్లాస్‌లో) ఆ విలువ ఇచ్చే గెట్టర్ మెథడ్ స్ట్రింగ్ ఇచ్చేలా మార్చు.

నన్నడిగితే ఆ రెంట్ చెక్ కూడా పేజీలోంచి తీసెయ్, సర్వ్‌లెట్‌లోనే (పేజీకి ముందు నడిచే జావా కోడ్‌లోనే) కామాలు తీసేసి నంబర్‌గా మార్చి పోల్చి, పేజీకి అవునా కాదా అనేది మాత్రమే పంపు. మార్చాక 9000, 15000తో పాటు ఖాళీగా ఒకసారి, కామాతో ఒకసారి కూడా కొట్టి చూడు.