మోతాదు పెంచే ముందు సిరంజి మూత చూడండి

షుగరు జబ్బున్న మీ పిల్లికి రక్తంలో చక్కెర ఉదయం 90, సాయంత్రం 420 వస్తోందని, అలా వచ్చినప్పుడల్లా ఇన్సులిన్ ఒక యూనిట్ పెంచుతున్నామని రాశారు. దయచేసి సొంతంగా పెంచడం ఆపండి. మోతాదు ఎక్కువై చక్కెర పడిపోతే కాలేయం తన నిల్వలను వదిలి దాన్ని ఎగదోయవచ్చు. మీరు చూస్తున్న 420 అదే కావచ్చు.

ముందు సిరంజి తీసి చూడండి. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మామూలుగా మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల మందుకు చేసింది. దానితో రెండు గీతలు లాగితే లోపలికి వెళ్లేది ఐదు యూనిట్లు! నారింజ మూతది కావాలి. మా ఇంట్లో ఈ పొరపాటు నాలుగు రోజులు సాగింది. ఐదోరోజు పిల్లి మంచం కింద తూలుతుంటే చిగుళ్లకు తేనె రాసి ఆటోలో పరుగెత్తాం. మీది కూడా ఎర్ర మూతే అయితే తర్వాతి సూదికి ముందే డాక్టరుకు ఫోను చేయండి.

ఆసుపత్రిలో బెదిరిన పిల్లికి చక్కెర ఊరికే పెరుగుతుంది. అందుకని ఇంట్లోనే చెవి అంచున గుచ్చి, రెండు గంటలకోసారి చొప్పున పన్నెండు గంటలు చూసి రాయండి. ఆ కాగితంతో తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లండి.

పెరుగన్నం పెడుతున్నారా? మనకు అమృతమే, దానికి కాదు. అయితే డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మాన్పించకండి, ఇన్సులిన్ అవసరం కూడా తగ్గి, ఇస్తున్న మోతాదే ఎక్కువైపోతుంది.