‘మిస్టర్’ అని పిలవడం తెలిసిన న్యాయమూర్తి

“1960లలో అమెరికాలోని అలబామా రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న జార్జ్ వాలెస్ నిజంగానే వర్ణద్వేషా, లేక ఓట్ల కోసం ఆ వేషం వేశారా?” అని ఒకరు నన్ను అడిగారు. ఓట్ల కోసమే అని నా దృఢమైన నమ్మకం. అయితే అందువల్ల ఆయన తప్పు తగ్గదు, రెట్టింపవుతుంది.

నేను టస్కలూసాలోని అలబామా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో నాన్నగారు నన్ను చూడడానికి వచ్చారు. ఆయన కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి శిరస్తాదారుగా పదవీ విరమణ చేసిన మనిషి. ఒక సాయంత్రం ఆయనను ఫాస్టర్ ఆడిటోరియం దగ్గరకు తీసుకువెళ్లి, 1963 జూన్ 11న వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు పేర్లు నమోదు చేసుకోవడానికి వస్తే వాలెస్ ఈ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డారనీ, అధ్యక్షుడు కెనెడీ రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డును కేంద్రం అధీనంలోకి తీసుకున్న తరువాతే పక్కకు తప్పుకున్నారనీ చెప్పాను.

“గవర్నరుకు కాలేజీ గుమ్మం దగ్గర ఏం పని?” అన్నారు నాన్నగారు. మన పత్రికలు అమెరికా గవర్నర్ల గురించి రాసేటప్పుడు ఈ ఒక్క ముక్క వివరించకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అక్కడి గవర్నరు మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నరు లాంటివారు కారు. ప్రజలు నేరుగా ఎన్నుకునే, మన ముఖ్యమంత్రికి సమానమైన పాలకుడు. అది చెప్పాక, గవర్నరు కాకముందు వాలెస్ ఏం చేసేవారని నాన్నగారు అడిగారు. 1953 నుంచి 1959 వరకు సర్క్యూట్ న్యాయమూర్తి, అంటే రాష్ట్రంలోని ఒక ప్రాంతపు కోర్టు న్యాయమూర్తి అన్నాను. నాన్నగారు అక్కడి బల్ల మీద కూర్చుని, చాలాసేపటికి మరొక ప్రశ్న వేశారు: “కోర్టులో నల్లవాళ్లను ఏమని పిలిచేవాడు?”

కోర్టులో బతుకంతా గడిపినవారికి మాత్రమే తట్టే ప్రశ్న అది. బోనెక్కిన పేదసాక్షిని ‘ఏమిరా’ అనీ, భూమి ఉన్న సాక్షిని ‘మీరు’ అనీ సంబోధించే వకీళ్లను ఆయన కళ్లారా చూశారు. అలబామాలోనూ అదే తీరు: తెల్లవారికి ‘మిస్టర్’, ‘మిస్’, నల్లవారికి ఉత్త పేరు. 1963లోనే గాడ్స్‌డెన్ కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణి, తనను ‘మేరీ’ అని కాక ‘మిస్ హామిల్టన్’ అని పిలిస్తేనే జవాబిస్తానన్నందుకు, కోర్టు ధిక్కారం కింద ఆమెకు జైలుశిక్ష, జరిమానా పడ్డాయి. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అలాంటి రాష్ట్రంలో, జె.ఎల్. చెస్ట్‌నట్ అనే నల్లజాతి న్యాయవాది తనను కోర్టులో మొదటిసారి ‘మిస్టర్’ అని పిలిచిన న్యాయమూర్తి జార్జ్ వాలెసే అని తరువాతి కాలంలో చెప్పారు.

ఇది విని నాన్నగారు లేచి నిలబడ్డారు. “మర్యాద తెలియనివాడు అడ్డం నిలబడితే అది అజ్ఞానం అనుకోవచ్చు. తెలిసినవాడే నిలబడ్డాడా!” అన్నారు. నా జవాబు మొత్తం ఆ మాటలోనే ఉంది.

‘మిస్టర్’ అన్న న్యాయమూర్తి గుమ్మంలో అడ్డం నిలిచే గవర్నరుగా ఎప్పుడు మారారో తేదీలే చెబుతాయి. 1958లో గవర్నరు పదవికి డెమొక్రాటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో (ప్రైమరీలో) నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌.ఎ.ఎ.సి.పి. వాలెస్‌ను సమర్థించింది, తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ మద్దతు పొందిన జాన్ ప్యాటర్సన్ సుమారు 64 వేల ఓట్ల తేడాతో గెలిచారు. కొద్ది నెలలు గడిచాయో లేదో, ఇదే న్యాయమూర్తి బార్బర్, బుల్లక్ కౌంటీల ఓటర్ల నమోదు రికార్డులను కేంద్ర ప్రభుత్వపు పౌరహక్కుల కమిషన్‌కు ఇవ్వనని బహిరంగంగా భీష్మించారు. వాటిని ఇవ్వమని ఆదేశించిన ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ ఆయనకు లా కాలేజీ సహాధ్యాయి. వాలెస్ రాత్రివేళ ఆ మిత్రుడి ఇంటికి వెళ్లి మంతనాలాడి, చివరకు రికార్డులను గ్రాండ్ జ్యూరీల (నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందాల) చేతిలో పెట్టి, వారి ద్వారా కమిషన్‌కు చేరేలా చేశారు. అయినా బయట మాత్రం తలవంచని యోధుడిగా పేరు మిగుల్చుకున్నారు. మనస్సాక్షి ప్రకారం నడిచేవారు ఎవరూ ఇంత లెక్కగా నడవరు. 1963 జనవరిలో గవర్నరుగా ప్రమాణం చేస్తూ, నల్లవారినీ తెల్లవారినీ వేరుగా ఉంచే వర్ణ విభజన ఇప్పుడూ, రేపూ, ఎల్లకాలమూ ఉంటుందని ప్రకటించినది కూడా ఈ లెక్కలోని భాగమే.

ఆ లెక్కకు మూల్యం చెల్లించినవారు వేరే. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా పట్టణపు వంతెన మీద, ఓటు హక్కు కోసం సాగిన ఊరేగింపులో, ఆయన ప్రభుత్వ పోలీసుల లాఠీ దెబ్బకు నల్లజాతి ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ తల పగిలింది.

1972లో తూటా తగిలి నడుము కింద చచ్చుబడిన తరువాత వాలెస్ నల్లజాతి చర్చీలకు వెళ్లి క్షమాపణ కోరారు, 1982లో నల్లజాతి ఓటర్ల అండతోనే మళ్లీ గెలిచారు. ఆ పశ్చాత్తాపం నిజమా కాదా అని కొందరు తీర్పులు ఇస్తుంటారు. ఆ తీర్పు ఇచ్చే అర్హత మనకు లేదు. దెబ్బలు తిన్న లూయిస్ క్షమించారు. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లి 1965లో పట్టా పుచ్చుకున్న వివియన్ మలోన్, 1996లో వాలెస్ భార్య లర్లీన్ పేరిట నెలకొల్పిన ధైర్య పురస్కారాన్ని వాలెస్ సమక్షంలోనే స్వీకరించారు.