రేంజ్ ఖాళీ చేతులతో రాదు

తమ్ముడూ,

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో 1 నుంచి 10 దాకా అంకెలు కావాలంటే రేంజ్ అనే ఫంక్షన్‌ని పిలిచి రేంజ్(1, 10) అని రాస్తే చాలు. రెండు చివర్లూ కలిపే ఇస్తుంది. పైథాన్ అలవాటున్న వాళ్లకు ఇక్కడే లెక్క తప్పుతుంది, అక్కడ చివరి అంకె రాదు కదా.

అసలు తంటా సున్నాతో. వెతికిన ఫలితాల అడుగున పేజీ నంబర్ల లింకులు రేంజ్(1, పేజీల సంఖ్య)తో వేస్తున్నావనుకో. ఏమీ దొరక్కపోతే పేజీల సంఖ్య 0. రేంజ్(1, 0) అంటే ఖాళీ అర్రే (విలువల జాబితా) వస్తుందనుకుంటాం. రాదు. మొదటిది పెద్దదైతే అది వెనక్కి లెక్కపెడుతుంది, 1, 0 అని. ఒక్క ఫలితమూ లేని పేజీ అడుగున రెండు లింకులు వెలుస్తాయి! ఎంత చొప్పున కదలాలో చెప్పే మూడో విలువగా 1 ఇచ్చినా ఆగదు. టెస్టింగ్‌లో డేటా నిండుగా ఉంటుంది కనక ఈ తప్పు కంటపడదు. పేజీలు 1 కన్నా తక్కువైతే ఖాళీ అర్రే అని ముందే ఇఫ్ పెట్టెయ్. లేదా మామూలు ఫర్ లూప్ రాసుకో, సున్నా దగ్గర అది ఒక్కసారి కూడా తిరగదు.

నెలల డ్రాప్‌డౌన్‌కి రేంజ్('01', '12') రాస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 1, 2 వస్తాయి. అంకెలు తెచ్చుకుని, వాటిని కోరిన రూపంలో రాసిచ్చే స్ప్రింట్ఎఫ్‌లో '%02డి' వాడు. రేంజ్(0, 1, 0.1) అని 0.1 చొప్పున పెంచుకుంటూ పోతే మూడో మెట్టు 0.3కి సమానం కాదు, 0.30000000000000004 అవుతుంది. 0 నుంచి 10 దాకా తీసుకుని ఒక్కోదాన్నీ 10తో భాగించు.

అక్షరాల్లో 'ఎ' నుంచి 'జెడ్' దాకా ఇంగ్లీషుకి బాగానే పనిచేస్తుంది. 'అ' నుంచి 'హ' అడిగి చూడు, ఒకే ఒక్క పనికిరాని బైటు చేతిలో పెడుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, రేంజ్ చూసేది మొదటిదాన్నే, అది అన్నిటికీ ఒకటే. కాబట్టి యూనికోడ్ సంఖ్యలతో (ఒక్కో అక్షరానికీ ఇచ్చిన నంబర్లు) పట్టు: రేంజ్(3077, 3129) తీసుకుని ఒక్కోదాన్నీ, సంఖ్యను అక్షరంగా మార్చే ఎంబీ_సీహెచ్ఆర్‌కి ఇవ్వు. మధ్యలో 3085, 3089, 3113 ఖాళీ స్థానాలు, వాటిని తీసెయ్యకపోతే తెర మీద డబ్బాలు కనిపిస్తాయి. క్ష కోసం వెతక్కు, అది సంయుక్తాక్షరం, దానికి విడిగా సంఖ్య లేదు.

పది లక్షల అంకెలు అడిగితే పీహెచ్‌పీ 8.2 వెర్షన్ నుంచి సుమారు 16 ఎంబీ మెమరీ పడుతుంది, 7.0 నుంచి 8.1 దాకా దానికి రెట్టింపు. ఒక్కోటీ చూసి వదిలేసే పనైతే యీల్డ్‌తో జనరేటర్ (అడిగినప్పుడల్లా ఒక్కో విలువే ఇచ్చే ఫంక్షన్) రాయి, మెమరీ దాదాపు కదలదు.

ఉంటాను.