పెట్రోల్ జనరేటర్ వరండాలో పెట్టొచ్చా? హుద్‌హుద్ అప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీరు రెండు విషయాలు అడిగారు. గోపాలపట్నంలో మీ ఇంటి వెనక వరండాకి గ్రిల్ ఉంది, గాలి బాగా ఆడుతుంది, అక్కడ 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ పెట్టి నడపొచ్చా అన్నది ఒకటి. రెండేళ్లుగా మూలన పడున్న ఆ జనరేటర్‌ని తుఫాన్ల కాలానికి ఎలా సిద్ధం చేయాలన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: వద్దండీ. గ్రిల్ ఉన్నా వద్దు, తలుపులన్నీ తీసిపెట్టినా వద్దు.

2014 అక్టోబర్ 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను మన విశాఖపట్నం మీదే తీరం దాటింది. అప్పుడు మేం పెదవాల్తేరులో ఉండేవాళ్లం. మా వీధిలో స్తంభాలు వరసగా పడిపోయాయి. మూడో రోజు సాయంత్రం తెలిసినవాళ్ల దగ్గర జనరేటర్ తెచ్చి, మీరు అనుకుంటున్నట్టే వెనక వరండాలో పెట్టాను. ఒక పక్కంతా గ్రిల్లే. వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరం. ఫ్యాన్లు తిరిగాయి, ఫోన్లు ఛార్జింగ్ ఎక్కాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం.

రాత్రి తొమ్మిది దాటాక అమ్మ, "ఏట్రా, తల బరువుగా ఉంది, కడుపులో తిప్పేస్తోంది" అంది. మూడు రోజులుగా నిద్ర లేదు, ట్యాంకర్ నీళ్లు తాగుతున్నాం, దానివల్లే అనుకున్నాను. మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాను. అదీ వరండా పక్క గదిలోనే. కాసేపటికి ఆరేళ్ల మా అబ్బాయి కూడా తల నొప్పి అంటూ ఒళ్లో వాలిపోయాడు. అప్పటికీ నాకు తట్టలేదు.

ఆ సమయానికి మా బావ వచ్చాడు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము తయారుచేసే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసేవాడు. ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది, అది ఎలా ప్రాణం తీస్తుందో అక్కడ పనిచేసేవాళ్లకి మొదట్నించీ నేర్పుతారు. ఇంజిన్ చప్పుడు విని, అమ్మ మొహం చూసి, ఆయన అడిగిన మొదటి మాట, "జనరేటరెక్కడెట్టేవ్?" జవాబు కోసం ఆగలేదు. వెళ్లి ఆపేశాడు. ఇద్దర్నీ వీధిలోకి తీసుకొచ్చి, కిటికీలన్నీ తీయించి, పడిన చెట్ల మధ్య నుంచే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాడు. ఆక్సిజన్ పెట్టాక ఇద్దరూ తేరుకున్నారు. బావ ఆ రాత్రి రాకపోయి ఉంటే అందరం అదే ఇంట్లో తలుపులేసుకుని పడుకునేవాళ్లం. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

జనరేటర్ పొగలోనూ ఆ కార్బన్ మోనాక్సైడే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోల్ పొగ వాసన రావట్లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడమే ప్రమాదం. అది రక్తంలో హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువ కూడా రాదు. జనరేటర్ నడుస్తున్న ఇంట్లో ఒకేసారి ఇద్దరికి తలనొప్పో, కళ్లు తిరగడమో, వాంతులో అయితే కారణం వెతుకుతూ కూర్చోకండి. ముందు అందర్నీ ఆరుబయటికి తీసుకురండి, జనరేటర్ ఆపండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అందుకని జనరేటర్ ఆరుబయటే ఉండాలి. తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరం, సైలెన్సర్ మొహం ఇంటికి అటువైపు. మన సందుల్లో 20 అడుగులంటే పక్కింటివాళ్ల పడకగది కిటికీ దగ్గరికి వచ్చేస్తుంది, కాబట్టి వాళ్లతో ముందే మాట్లాడుకోండి. వాళ్ల పిల్లలూ మన పిల్లల్లాంటివాళ్లే కదా. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడకగదిలో ఒకటి పెట్టుకోండి. వానలో తడవకూడదు కాబట్టే అందరూ వరండాలోకి లాగుతారు. నా మాట వినండి, గాలీవానా జరుగుతున్నంతసేపు అసలు నడపొద్దు. టార్చిలైట్లు, ఛార్జింగ్ లైట్లతో సరిపెట్టుకోండి. గాలి తగ్గాక నాలుగు పక్కలా తెరిచి ఉండేలా పైన రేకు ఒకటి వేసి, దాని కింద ఎత్తైన దిమ్మ మీద పెట్టి నడుపుకోండి.

ఇంకో ప్రాణం సంగతి కూడా చెప్పాలి, అది లైన్‌మన్‌ది. రెండు చివరలా ప్లగ్ టాప్ బిగించిన వైరుతో జనరేటర్ కరెంటుని గోడ సాకెట్‌లోకి ఎక్కించేవాళ్లని మా వీధిలోనే చూశాను. మెయిన్ తీయడం మర్చిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లి, అటువైపు 11 వేల వోల్టులై బయటికొస్తుంది. సప్లై లేదనుకుని స్తంభం ఎక్కినవాడి గతి ఏమిటి? హుద్‌హుద్ తర్వాత వేరే జిల్లాల నుంచి వచ్చి, రాత్రింబవళ్లు కష్టపడి మనకి వెలుగిచ్చారు వాళ్లు. ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ (ఇంటికి లైన్ కరెంటో జనరేటర్ కరెంటో ఒక్కటే తగిలేలా చేసే స్విచ్) పెట్టించండి, ఎర్తింగ్ కూడా అప్పుడే చూపించండి. అంత వీల్లేకపోతే మంచి మూడు కోర్ల కేబుల్‌తో ఫ్రిజ్‌నీ ఫ్యాన్లనీ నేరుగా జనరేటర్‌కే తగిలించండి.

నీళ్ల మోటారు జోలికి మాత్రం వెళ్లకండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అనిపిస్తుంది కానీ, స్టార్టయ్యే క్షణంలో అది ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. మీ 2 కేవీఏ దానికి చాలదు. లోడు ఏదీ లేకుండా స్టార్ట్ చేసి, ఇంజిన్ కుదురుకున్నాక ముందు ఫ్రిజ్, తర్వాత మిగతావి వేయండి. ఆపేటప్పుడు లోడు తీసేసి, రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపండి.

పెట్రోల్ పోసేది ఇంజిన్ ఆపి, కనీసం పావుగంట చల్లారాకే. సైలెన్సర్ మీద చుక్క పడితే చాలు, భగ్గుమంటుంది. చీకట్లో పోయాల్సొస్తే టార్చి వాడండి, కొవ్వొత్తి దగ్గరికి తేకండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకి దూరంగా ఉన్న దీపాన్ని కూడా అందుకుంటుంది.

ఇక రెండేళ్లుగా పడున్న మీ జనరేటర్ సంగతి. తాడు లాగీ లాగీ చెయ్యి నొప్పెట్టుకోకండి, ముందు కార్బొరేటర్ (ఇంజిన్‌కి పెట్రోల్‌ని గాలితో కలిపి అందించే భాగం) విప్పించండి. హుద్‌హుద్ తర్వాత నేను కొనుక్కున్న జనరేటర్ కూడా ఒక ఏడాది వాడకపోయేసరికి మొండికేసింది. కంచరపాలెంలో ఒక మెకానిక్ నా ఎదురుగానే దాని కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె విప్పాడు. అడుగున తేనెరంగు జిగురు, గోరుతో గీకితే పొరలా లేచింది. పెట్రోల్ వెళ్లే ఇత్తడి జెట్ తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. సూది బెజ్జమంత రంధ్రం, అవతలి వెలుగు కనబడలేదు. నేను గుండుసూది తీయబోతే, "వద్దు సార్, ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదైపోద్ది" అని ఆపి, వైరులోంచి ఒక రాగి పోగు లాగి, క్లీనర్ కొట్టి, మెల్లగా తిప్పాడు. గుండ్రటి వెలుగు చుక్క కనబడింది. మూడో లాగుకి స్టార్టయింది.

నిలవున్న పెట్రోలే దీనికంతటికీ మూలం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమని పీలుస్తుంది. మన సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే. కాబట్టి వాడకం అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) కట్టేసి, గిన్నెలో మిగిలింది అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. రెండేళ్ల పాత పెట్రోల్ కాలవలో పోయకండి, మెకానిక్ షాపులో ఇవ్వండి, సామాన్లు కడగడానికి పనికొస్తుంది.

ఆయిల్ ఎప్పుడు చూసినా జనరేటర్‌ని చదునైన చోట పెట్టి చూడండి. కొత్తదానికి మొదటి 20 గంటలకి, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో మార్చడం మామూలు లెక్క, మీ మోడల్‌కి ఎంతో బుక్‌లో ఉంటుంది. తుఫాను రోజుల్లో ఈ గంటలు తెలియకుండానే దొర్లిపోతాయి. మాకు కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, జనరేటర్ తెచ్చాక రోజుకి ఆరు గంటల చొప్పున నడిచింది. అందుకే ఇప్పుడు నడిచిన గంటలు రాసుకోవడానికి ట్యాంకు పక్కన చిన్న పుస్తకం వేలాడదీశాను. ఫోమ్ ఎయిర్ ఫిల్టర్‌ని సబ్బునీళ్లతో ఉతికి ఆరబెట్టి, రెండు చుక్కలు ఇంజిన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. ఇంజిన్ స్పార్క్ ప్లగ్ నల్లబడి ఉంటే మార్చేయండి. ఉప్పుగాలికి సైలెన్సర్ బోల్టులూ టెర్మినళ్లూ తుప్పు పడతాయి, వాటినీ ఒకసారి చూసుకోండి.

నేను నెలకోసారి ఆదివారం పొద్దున్న లీటరు పెట్రోల్ మాత్రం పోసి, ఫ్రిజ్ తగిలించి పావుగంట నడుపుతాను. మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడయ్యాడు. టేపు పట్టుకుని కిటికీ నుంచి 20 అడుగులు కొలిచి, గేటు పక్కన నేల మీద పెయింటుతో గీత గీశాడు. జనరేటర్ ఆ గీత దాటి లోపలికి రాదు.